కొత్తగా మడత చాకులు చేస్తున్నారా? తనిఖీ ఎలా చేయాలి, ఫిర్యాదు ఎలా తీసుకోవాలి

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో కొమ్ముపని తెలిసిన చేతులున్నాయి. గంజాం జిల్లా బెల్లగుంటలో ఇత్తడి చేపను తునక తునకగా కూర్చి, ఒళ్లంతా మెలికలు తిరిగేలా చేసే చేతులున్నాయి. కొమ్ము, ఇత్తడి, పిన్ను అతుకు తెలిసిన ఇలాంటి చోట మడత చాకుల పని పెట్టడం మంచి ఆలోచన. చాకంటే ఎన్ని ముక్కలు? ఒక అలుగు (బ్లేడు), ఒక స్ప్రింగ్ పట్టీ, రెండు లోపలి రేకులు, రెండు కొమ్ము చెక్కలు, నాలుగైదు పిన్నులు. ఇంత చిన్న వస్తువులో ఒక పిన్ను కాస్త వదులైనా కొన్నవాడి వేలికి తెలిసిపోతుంది.

ఇక్కడ చెప్పేది నెలకు యాభై నుంచి వంద చాకులు చేసే షెడ్డు కోసం. చాకు లాక్ లేని రకం, అంటే స్ప్రింగ్ పట్టు మీద తెరుచుకుని నిలిచేది. అలుగు 70 మి.మీ. పొడవు. తనిఖీ బల్లా, ఫిర్యాదుల ఫోనూ వేర్వేరు మనుషుల చేతుల్లో వేర్వేరు పుస్తకాలతో నడిస్తే రెండూ దండగే. తిరిగొచ్చిన ప్రతి చాకూ మీ తనిఖీలో ఏ మెట్టు దగ్గర కన్ను తప్పిందో చూపిస్తుంది. అందుకే మొదటి రోజు నుంచీ ఒకే రిజిస్టర్ పెట్టండి.

1. చాకును ముందు కాగితం మీద పెట్టండి

"బాగుంది", "పర్వాలేదు" అనే మాటలతో తనిఖీ సాగదు. ఒక్క పేజీలో కొలతలు రాసి బల్ల ముందు గోడకు అంటించండి. మొదలుపెట్టడానికి ఈ అంకెలు పనికొస్తాయి:

అలుగు మందం పిడి దగ్గర 2.2 మి.మీ., అటూ ఇటూ 0.05. సాన పెట్టకముందు వాదర (కోసే అంచు) వెనక మందం 0.35 నుంచి 0.45 మి.మీ. అలుగు గట్టిదనం రాక్‌వెల్ సి స్కేలు మీద 58–60. స్ప్రింగ్ గట్టిదనం 44–48. ఇరుసు పిన్ను (అలుగు తిరిగే పిన్ను) 3 మి.మీ. గోటి గాడి (తెరవడానికి గోరు పెట్టే గీత) దగ్గర కొక్కెం వేసి స్ప్రింగ్ త్రాసుతో లాగితే 1.5 నుంచి 2 కిలోల మధ్య తెరుచుకోవాలి. పెద్దవాళ్లు, రోజంతా తోటలో పని చేసి వేళ్లు బిగిసినవాళ్లు కూడా కొంటారు కాబట్టి ఇంతకంటే బిగువు వద్దు.

దీంతోపాటు రెండు నమూనా చాకులు పెట్టెలో దాచండి. ఒకటి మీరు చేయగలిగినంత బాగా చేసింది. రెండోది "ఇంతకంటే తగ్గితే అమ్మం" అనే చివరి హద్దు. ఈ రెండోదే ఎక్కువ పనికొస్తుంది. కొమ్ముకీ రేకుకీ మధ్య ఎంత సందు ఒప్పుకోవచ్చు, గీత ఎంత కనిపిస్తే పక్కన పెట్టాలి అనే వాదన వచ్చినప్పుడు ఆ చాకును పక్కన పెట్టి చూస్తే వాదన ముగుస్తుంది.

ఇరవై అయిదు చాకులకు ఒక బ్యాచ్ నంబరు ఇవ్వండి. ఏడాది, నెల, వరస: 2607-2 అంటే 2026 జులై, రెండో బ్యాచ్. దాన్ని లోపలి రేకు మీద, చాకు తెరిస్తే కనపడేచోట కొట్టండి. పిడి మీద కొడితే అరిగిపోతుంది, డబ్బా మీద రాస్తే డబ్బాతోపాటే పోతుంది.

కాలిపర్‌ను రోజూ పొద్దున మూతులు తుడిచి, సున్నా చూసి, ఒక 10 మి.మీ. గేజ్ బ్లాక్‌ను (కచ్చితమైన కొలతకు చేసిన ఉక్కు ముక్కను) కొలిచి మొదలుపెట్టండి.

2. సరుకు దిగినప్పుడే ఆపండి

మన వైపు కమ్మరి కొలిమిలో లారీ కమాను పట్టీ మంచి సరుకే. కొడవలికి, కత్తిపీటకు దాన్ని మించింది అక్కర్లేదు. కానీ ఒకే వేడిలో ఇరవై అయిదు అలుగులు చేయాలనుకునే షెడ్డుకు అది పనికిరాదు. ఒక పట్టీకీ ఇంకో పట్టీకీ ఉక్కు రకం మారుతుంది. ఏళ్ల తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనపడని పగుళ్లుంటాయి, నూనెలో ముంచగానే అవి తెరుచుకుంటాయి. కొత్త పట్టీ కొనండి, మిల్లు పరీక్ష పత్రం అడిగి తీసుకోండి.

తోటపనికీ ఇంటిపనికీ ఈఎన్ 31 సరిపోతుంది. బేరింగులు చేసే ఉక్కు అది. సుమారు 1 శాతం కార్బన్, 1 నుంచి 1.6 శాతం క్రోమియం ఉంటాయి. పదును బాగా నిలుపుతుంది, కానీ తుప్పు పడుతుంది. గోపాలపురం తీరంలో వల తాళ్లు కోసేవాళ్లకు ఇది అమ్మితే నెలకే తిరిగొస్తుంది. వాళ్లకు 440సి స్టెయిన్‌లెస్ వాడండి. అయితే దాన్ని గట్టిపరచడానికి వెయ్యి డిగ్రీలు దాటాలి, షెడ్డు కొలిమిలో కుదరదు. వ్యాక్యూమ్ ఫర్నేసు ఉన్నచోట చేయించుకోవాలి. రెండు ఉక్కులూ వాడే షెడ్డులో గ్రైండర్ బెల్టులు కూడా వేరుగా ఉండాలి. మామూలు ఉక్కు రాపిన బెల్టుతో స్టెయిన్‌లెస్ రాపితే ఇనుప రజను అందులో కూరుకుపోయి, తుప్పు పట్టదన్న చాకు మీద ఎర్రచుక్కలు లేస్తాయి.

కొమ్ము విషయంలో తొందర పడకండి. గేదె కొమ్ము కొస గట్టిగా, నిండుగా ఉంటుంది. మొదలు బోలుగా ఉంటుంది కాబట్టి వేడి చేసి, నొక్కి, చదును చేసి ఇస్తారు. ఆ చదును చేసిన కొమ్ము తన పాత వంకర మర్చిపోదు. వానాకాలం తేమకో, ఎండకు కారులో పెట్టినప్పుడో మళ్లీ పైకి లేస్తుంది. ధర ఎక్కువైనా చాకు చెక్కలకు కొస ముక్కలే కొనండి. వచ్చిన ముక్కల్ని కావలసిన మందం కంటే 1 మి.మీ. ఎక్కువగా కోసి, దారానికి గుచ్చి, నీడలో వేలాడదీయండి. వారానికోసారి బంగారం తూచే చిన్న త్రాసులో పది ముక్కలు తూచి రాసుకోండి. వరసగా రెండు వారాలు బరువు మారకపోతేనే బల్ల మీదికి తేవాలి. ముక్క మీద సూదిమొన బెజ్జాలు, కింద పొడి కనిపిస్తే పురుగు పట్టిందని అర్థం. ఆ ముక్క ఒక్కటే కాదు, దాంతో కలిపి ఉంచిన మూట మొత్తం విడదీసి చూడాలి.

దుప్పి కొమ్ము పిడి కావాలని అడిగేవాళ్లు వస్తారు. అడవిలో రాలిన కొమ్మే అంటూ తెచ్చి ఇచ్చేవాళ్లూ వస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రాలిన కొమ్ముతోనైనా వ్యాపారం కుదరదు. ముక్క చేతిలోకి కూడా తీసుకోకుండా పంపేయండి. గేదె కొమ్ముకు మాత్రం ఎవరి దగ్గర ఎంత కొన్నారో బిల్లు దాచండి.

3. వేడి: అలుగుకు పాయన (కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచడం) పెట్టేటప్పుడు

ఈఎన్ 31కి 820–840 డిగ్రీలు. అలుగు అంతటా ఆ వేడి ఎక్కాక అయిదు నిమిషాలు ఆపి, 50–60 డిగ్రీలకు వేడి చేసిన నూనెలో మొన కిందికి నిలువుగా దించండి. పక్కకు ఊపితే వంగుతుంది. చల్లారి చేతికి పట్టుకోగలిగిన వేడికి రాగానే టెంపరింగ్‌కు, అంటే పెళుసుదనం తగ్గడానికి మళ్లీ తక్కువ వేడిలో పెట్టాలి. "రేపు పొద్దున పెడదాం" అంటే రాత్రికి రాత్రే పగిలే అలుగులుంటాయి. 200 డిగ్రీల దగ్గర గంటన్నర చొప్పున రెండుసార్లు. ఓవెన్ మీటరును నమ్మకండి, లోపల వేరే థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టి చూడండి. ఇరవై డిగ్రీల తేడా మామూలే, దానికే అలుగు ఒక అంకె మెత్తబడుతుంది.

ప్రతి వేడితోపాటు అదే పట్టీ నుంచి కోసిన చిన్న తునక ఒకటి పెట్టండి. చల్లారాక దాన్ని విరిచి లోపలి రంగు చూడండి. సన్నటి బూడిదరంగు, పట్టులా ఉంటే సరిగా ఉంది. పంచదార పలుకుల్లా మెరిస్తే వేడి ఎక్కువైంది, ఆ వేడిలో అలుగులు మొన దగ్గర విరుగుతాయి.

గట్టిదనం కొలవడానికి రాక్‌వెల్ యంత్రం కొనాలనేం లేదు. బ్యాచ్‌కు మూడు అలుగులు యంత్రం ఉన్న వర్క్‌షాపుకో, ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుకో తీసుకెళ్లి ఫీజు కట్టి కొలిపించుకోవచ్చు. మిగతా వాటికి గట్టిదనం అంకెలున్న ఆకురాళ్ల సెట్టు చాలు. 55 ఆకురాయి జారిపోయి, 60 ఆకురాయి కొద్దిగా పట్టాలి. కొలిచేముందు పైపొరను పదోవంతు మిల్లీమీటరు రాపి తీసేయండి. కొలిమిలో పైపొర కార్బన్ పోగొట్టుకుని మెత్తబడుతుంది, దాని మీద కొలిస్తే మంచి అలుగు కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. కొలత గుంట అలుగు మొదట్లో, రేకుల మధ్య దాగేచోట పడేలా చూడండి.

గట్టిపడ్డ అలుగును గ్రైండర్ మీద రాపేటప్పుడు చేతి తొడుగు వద్దు. వేలికి వేడి తగలగానే నీళ్లలో ముంచాలి. వాదర దగ్గర లేత గడ్డిరంగు వచ్చిందంటే 200 డిగ్రీలు దాటింది. నీలం వచ్చిందంటే 300 దగ్గరికి వెళ్లింది, అక్కడ పాయన పోయినట్టే. ఆ నీలాన్ని పాలిష్‌తో చెరిపేసి పంపేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. అలా పంపిన చాకు గురించే రెండు నెలల తర్వాత "పదును నిలవట్లేదు" అనే ఫోన్ వస్తుంది. నీలం కనపడితే పక్కన పెట్టాలి, అంతే.

4. కీలు: సగం ఫిర్యాదులు పుట్టేచోటు

మడత చాకులో అసలు పని ఇక్కడే ఉంది. ఓపిగ్గా చేయండి.

ఇరుసు బెజ్జాన్ని గట్టిపరచకముందే రీమర్‌తో సైజుకు తేవాలి. తర్వాత రీమర్ దిగదు. వేడిలో లోపల పేరుకున్న నల్లటి పొరను ఇత్తడి కడ్డీకి సన్నటి గరుకు పేస్టు పూసి తిప్పి తీయండి. 3.00 మి.మీ. గేజ్ పిన్ను జారుతూ దూరాలి. 3.05 పిన్ను దూరకూడదు. ఈ రెండు పిన్నులు దారం కట్టి బల్లకు వేలాడదీస్తే ఒక్కో అలుగుకు అయిదు సెకన్ల పని.

పిన్ను కొట్టేముందు, విడి పిన్నులతో తాత్కాలికంగా కూర్చి, మూడు స్థితుల్లో వెన్ను తడమండి: పూర్తిగా తెరిచి, సగం తెరిచి, మూసి. తెరిచినప్పుడూ మూసినప్పుడూ స్ప్రింగ్ వెన్ను రేకులతో సమంగా ఉండాలి. బొటనవేలి గోరు అడ్డంగా లాగితే ఎక్కడా తట్టకూడదు. గోరు 0.05 మి.మీ. మెట్టును పట్టేస్తుంది. తెరిచినప్పుడు స్ప్రింగ్ లోపలికి దిగి ఉంటే ఆ చాకుకు పట్టు తక్కువని అర్థం, అది చేతిలో మడుచుకుపోతుంది.

అలుగు మొదట్లో కింద చిన్న ముక్కులాంటిది ఉంటుంది. మూసినప్పుడు స్ప్రింగ్ మీద ఆనేది అదే. దాన్ని ఎక్కువ రాపితే అలుగు లోతుగా దిగి వాదర స్ప్రింగ్‌ను కొడుతుంది, మూసిన ప్రతిసారీ నడుమ ఒకేచోట మొండిబారుతుంది. తక్కువ రాపితే మొన పైకి పొడుచుకొచ్చి లుంగీ చింపుతుంది, తొడ గీస్తుంది. అందుకే ఒకేసారి పదోవంతు మిల్లీమీటరు మించి రాపకండి. చూడటానికి సులువైన దారి ఉంది. గాడిలో వార్తాపత్రిక సన్నటి చీలిక పడుకోబెట్టి, చాకు మూసి, బొటనవేలితో వెన్ను మీద గట్టిగా నొక్కండి. కాగితం తెగకుండా బయటికి రావాలి. నొక్కకుండా చూస్తే లాభం లేదు, చాకు జేబులో పెట్టుకుని కూర్చున్నప్పుడు బరువు సరిగ్గా అలాగే పడుతుంది.

పిన్ను తల కొట్టేటప్పుడు అలుగుకూ రేకుకూ మధ్య 0.05 మి.మీ. ఇత్తడి రేకుముక్కకు గ్రీజు రాసి దూర్చండి. చిన్న సుత్తితో, గడియారం ముల్లు తిరిగినట్టు చుట్టూ తేలిక దెబ్బలు. తల పూర్తయ్యాక ఆ ముక్క లాగేస్తే అలుగు కదలడానికి సరిపడా చోటు మిగులుతుంది. గట్టిగా నాలుగు దెబ్బలు కొట్టినవాడి చాకు బిగిసిపోతుంది. తర్వాత వదులు చేయడానికి విరిచినట్టు ఊపితే అదే లొడలొడలాడుతుంది. కొమ్ము చెక్కలో పిన్ను బెజ్జం పిన్ను కంటే 0.1 మి.మీ. పెద్దదిగా ఉండాలి, తల కింద చిన్న వాషరు వేయాలి. లేకపోతే కొట్టినప్పుడు కాదు, మొదటి ఎండాకాలంలో కొమ్ము బెజ్జం దగ్గర చీలుతుంది.

ఇప్పుడు ప్రతి చాకుకూ తప్పనిసరి పరీక్ష. ఇరవైసార్లు తెరిచి మూయండి, కిరసనాయిల్‌తో కడగండి. నల్లటి మడ్డి కారుతుంటే లోపల గ్రైండర్ రజను ఉన్నట్టే. తేటగా కారేదాకా కడిగి, ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయండి. తెరిచి పట్టుకుని అలుగు మొనను పక్కలకు ఊపండి. చెవి దగ్గర పెట్టుకోండి. "టిక్కు" మని వినపడినా, వేలికి తట్టినా తిరిగి బల్లకే. ఇక బ్యాచ్‌కు ఒక చాకును ఎంచి రెండు వందలసార్లు తెరిచి మూసి మళ్లీ ఇదే ఊపు చూడాలి. అది వదులైతే మొత్తం ఇరవై అయిదూ ఆగాలి.

5. పదును

పక్కకు 18 డిగ్రీలు. కొలవడం కష్టమేం కాదు. అలుగు వెడల్పు 15 మి.మీ. అయితే వెన్ను రాయి నుంచి 4.6 మి.మీ. ఎత్తున ఉంటే సుమారు 18 డిగ్రీలొస్తాయి. అంత మందం చెక్కముక్క పక్కన పెట్టుకోండి. వాదరకు మార్కర్ సిరా పూసి ఒకసారి రాయి మీద లాగితే సిరా ఎక్కడ చెరిగిందో కోణం చెబుతుంది. ఒకవైపు రాపుతుంటే రెండోవైపు సన్నటి తీగ లేస్తుంది. అది పూర్తిగా పోయిందో లేదో దూదితో చూడండి, వెన్ను నుంచి వాదర వైపు తుడిస్తే పోగు చిక్కుకోకూడదు. తీగ మిగిలిన చాకు అంగడిలో కాగితాన్ని అద్భుతంగా కోస్తుంది, ఇంట్లో మూడో మామిడికాయకు మొండి అవుతుంది.

ఎవరికి అమ్ముతున్నారో చూసి సాన ముగించండి. వల తాడు, నైలాను కోసేవాళ్లకు 400 గరుకు దగ్గర ఆపండి, ఆ సన్నటి పళ్లే తాడును పట్టుకుంటాయి. పళ్లూ కూరలూ కోసేవాళ్లకు 1000 దాకా పోయి తోలు మీద తీయండి.

బ్యాచ్‌కు రెండు చాకుల మీద కోత పరీక్ష: 10 మి.మీ. కొబ్బరితాడు, చెక్క మీద పెట్టి ముప్పై కోతలు. తర్వాత కూడా వార్తాపత్రిక చిరగకుండా తెగాలి. ఇంకో పరీక్ష: 6 మి.మీ. ఇత్తడి కడ్డీ మీద వాదరను దాని కోణంలోనే ఆనించి తేలికగా నొక్కి జరపండి. వాదర కొంచెం వంగి మళ్లీ నిలబడితే పాయన సరిగ్గా ఉంది. వంగి అలాగే ఉండిపోతే మెత్తన. పెచ్చు లేస్తే టెంపరింగ్ చాలలేదు. 440సి బ్యాచ్‌లో ఒక అలుగును లీటరుకు 50 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో తడిపిన గుడ్డలో ఒక రోజు చుట్టి ఉంచి చుక్కల కోసం చూడండి.

6. ప్యాకింగ్, చీటీ, చట్టం

మన తీరం గాలిలో ఉప్పుంది, వేలిముద్రలోనూ ఉప్పుంది. చివరిసారి తుడిచాక చేతి తొడుగుతోనే ముట్టండి, పలచగా నూనె రాసి, తుప్పు ఆపే వీసీఐ కాగితంలో చుట్టండి. తోలు పౌచ్ ఇస్తున్నట్టయితే చాకును అందులో పెట్టి ప్యాక్ చేయకండి. తోలు చెమ్మ పీలుస్తుంది, తోలును శుద్ధి చేసిన రసాయనాలు వదులుతుంది. పక్కపక్కన పెట్టండి.

డబ్బా మీద ఉండాల్సినవి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమాడిటీస్ రూల్స్, 2011 చెబుతాయి: తయారీదారు పేరు, చిరునామా, వస్తువు పేరు, సంఖ్య, తయారైన నెల, ఏడాది, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోన్, ఈమెయిల్. ఆయుధాల చట్టం నియమాల్లో 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు అలుగుల ప్రస్తావన ఉంది, ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవి వేరు. 70 మి.మీ. చాకు దాని దరిదాపుల్లోకి రాదు. అయితే బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే రకం ఎవరడిగినా చేయకండి. ఢిల్లీలో బటన్, స్ప్రింగ్ లాంటి యంత్రాంగంతో తెరుచుకునే కత్తుల మీద వేరే ఉత్తర్వు ఉంది, అందులో 7.62 సెం.మీ. పొడవు, 1.72 సెం.మీ. వెడల్పు అనే కొలతలున్నాయి. అటు పంపే ఆర్డరు వస్తే అలుగు కొలిచి చూడండి. కొరియర్ తీసుకుంటుందో లేదో ఆర్డరు ఒప్పుకోకముందే రాతపూర్వకంగా అడగండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అమ్మవద్దని అంగడివాళ్లకు కూడా చెప్పండి.

డబ్బాలో ఒక కాగితం పెట్టండి, ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఒడియా. పొడవైన వారంటీ భాష వద్దు. అయిదు మాటలు చాలు: తడిస్తే తుడవండి, నెలకోసారి కీలుకు ఒక చుక్క నూనె, డబ్బా మూతలు, మేకులు పెకలించవద్దు, నిమ్మ, చింతకాయ కోస్తే అలుగు బూడిదరంగుకు తిరుగుతుంది, అది తుప్పు కాదు, అలుగు లాక్ కాదు, మొనతో పొడిచే పనికి వాడవద్దు. నిమ్మ, చింతకాయ మాట రాయకపోతే ఈఎన్ 31 చాకుల్లో సగానికి "నల్లబడింది" అని ఫోన్ వస్తుంది.

7. ఫోన్ మోగినప్పుడు

కొన్నవాడు మీ మాటల్లో మాట్లాడడు. అతని మాటను అతని మాటగానే రిజిస్టర్‌లో రాయండి, మీ నిర్ధారణ పక్క గడిలో వేరుగా రాయండి. ఈ రెండు గడులూ కలిపేసిన రిజిస్టర్ ఏమీ నేర్పదు.

"లొడలొడలాడతంది" అంటే ఇరుసు. "పళ్లు పడ్డాయి" అంటే పాయన గట్టిదైనా కావచ్చు, ఎముక కొట్టి ఉండొచ్చు. "కళంకి లాగిలా" అని ఒడియాలో అంటే తుప్పు, కానీ ఎర్రదా నల్లదా అని తప్పక అడగాలి. "పదును లేదు" అన్నమాటకు కనీసం మూడు కారణాలున్నాయి: తీగ మిగిలిపోవడం, నీలం పడ్డ వాదర, మూసినప్పుడు స్ప్రింగ్ తగలడం. మొండితనం వాదర మొత్తం మీదా, నడుమ ఒకేచోటా అని అడిగితే మూడోది తేలిపోతుంది.

మాట ఎలా నడవాలో చూడండి. తీరం నుంచి ఒక పెద్దాయన చేశాడనుకోండి.

"బాబూ, మీ చాకు తెరుసుకోట్లేదు. బిగిసిపోనాది."

"అయ్యో, ఇబ్బంది పడ్డారు బాబాయ్. బలంగా లాగకండి, గోరు ఊడొస్తుంది. తెరిస్తే లోపల రేకు మీద నంబరుంటాది. కొంచెమైనా తెరుసుకుంటే చూసి చెప్తారా?"

"రెండు, ఆరు... సున్నా, ఏడు, గీత, ఒకటి."

"2607-1. మీరు వల మీద వాడతన్నారా? ఉప్పునీళ్లు తగిలేక కడగడం పడతందా?"

ఇందులో తప్పు ఎవరిదన్న ప్రశ్న ఎక్కడా రాలేదు. నంబరు, పని, నీళ్లు, ఈ మూడూ తెలిశాయి. చివరిగా రెండు ఫొటోలు అడగండి: కీలు దగ్గరగా, వాదర పక్కనుంచి. స్మార్ట్‌ఫోన్ లేదంటే బరంపురంలోనో దగ్గర్లోనో మీ సరుకు అమ్మే అంగడికి ఇమ్మనండి. అక్కడ ఒక బదులు చాకు ఎప్పుడూ ఉంచాలి. పనిముట్టు లేక ఆయన రోజుకూలి పోగొట్టుకోకూడదు.

చాకు పంపమన్నప్పుడు ఎలా పంపాలో కూడా చెప్పండి: మూసి, దారంతో కట్టి, అట్ట చుట్టి, పైన చాకు అని రాయాలి. మీ దగ్గర విప్పేవాళ్లు కూడా తెరుచుకుని ఉందనుకునే విప్పాలి.

వచ్చిన చాకును కడగకముందే ఫొటో తీయండి. కీలులో ఉప్పు తెల్లగా ఉందా, ఇసుక ఉందా, గ్రైండర్ రజను ఉందా అన్నది కడిగాక ఎవరూ చెప్పలేరు. తర్వాత నాలుగో మెట్టు పరీక్షలన్నీ మొదటినుంచి చేయండి, గట్టిదనం కొలవండి. తప్పు మీదైతే మారు మాట లేకుండా కొత్తది, రానూపోనూ ఖర్చు మీదే. వాడకం వల్ల అయితే ముందే ప్రకటించిన మరమ్మతు ధర, చేయకముందు ఫోన్‌లో ఒప్పుకోలు. రెండూ కలిసి ఉన్నాయనిపిస్తే మీదే తప్పు అనుకోండి. ఒక చాకు ఖరీదుతో పోతుంది. సాన మాత్రం ఎప్పుడైనా ఉచితంగా పట్టండి. సానకు వచ్చిన చాకులు చెప్పే విషయాలు ఫిర్యాదుకు వచ్చినవి చెప్పవు, కీలు ఏడాది వాడకానికి ఎలా అరుగుతోందో అక్కడే తెలుస్తుంది. మరమ్మతు చేసినదాన్ని కొత్తదిగా ఎప్పుడూ అమ్మకండి.

ఆన్‌లైన్ అంగళ్లలో అమ్ముతుంటే 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అంగట్లో అమ్మినదానికీ అదే గడువు పెట్టుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు కూడా కాగితం మీద ముద్రించండి. దాన్ని దాచే దుకాణం మీద కంటే చూపే దుకాణం మీద నమ్మకం ఎక్కువ.

రిజిస్టర్‌లో ఎనిమిది గడులు: తేదీ, బ్యాచ్ నంబరు, కొన్నవారి పని, వారి మాట, దొరికినది, కారణం, ఏ మెట్టులో తప్పించుకుంది, అక్కడ ఏం మార్చాం. చివరి రెండూ ఖాళీగా ఉంటే ఆ ఫిర్యాదు ముగియలేదు. ఉదాహరణకు 2607-1లో నాలుగు చాకులు నాలుగు చోట్ల నుంచి "బిగిసిపోయింది" అని వచ్చాయనుకోండి. ఉప్పు కారణమైతే తీరం నుంచే రావాలి. సముద్రానికి దూరంగా ఉన్న గుణుపురం నుంచీ రాయగడ నుంచీ కూడా వస్తే కారణం మీ సుత్తి దగ్గరుంది. పిన్ను కొట్టినప్పుడు గ్రీజు రేకు వాడారా అని అడగాలి. ఒకే బ్యాచ్‌లో ఒకే లోపం మూడుసార్లు వస్తే మిగిలిన సరుకు అంగళ్ల నుంచి వెనక్కి తెప్పించండి, కొన్నవాళ్లకు మీరే ఫోన్ చేయండి. ఇంకా ఫిర్యాదు చేయనివాళ్లకు కూడా. ఆ ఫోన్ కోసమే అమ్మకపు పుస్తకంలో బ్యాచ్ నంబరు పక్కన కొన్నవారి నంబరు రాయించాలని అంగడివాళ్లకు మొదటే చెప్పాలి.

బాగుచేసిన చాకుతో ఒక చీటీ పంపండి: ఏం దొరికింది, ఏం మార్చాం, మీరు ఏం గమనించాలి. నెల తర్వాత ఒకసారి ఫోన్ చేసి చాకు ఎలా ఉందో కనుక్కోండి. ఆ జవాబు రాశాకే రిజిస్టర్‌లో ఆ వరస కింద గీత గీయండి.